ఓడ దిగడం వేరు, ఊరు చేరడం వేరు



మనోళ్ళు నలుగురు కలిస్తే విదేశీ చదువు గురించి మాట్లాడుకునేదంతా వెళ్ళడం గురించే. ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత రావాలి, వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, కుల ధ్రువీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలి, ఇవే మాటలు. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అయితే దేశం మొత్తం మీద ఎస్టీలకి ఏడాదికి 20 మాత్రమే, కాబట్టి ఆ పోటీ గురించి మాట్లాడుకోవాల్సిందే. కానీ తిరిగి రావడం గురించి ఎవరం నోరు విప్పం. అది సంతోషమే కదా, అందులో మాట్లాడుకోవడానికి ఏముంది అనుకుంటాం.

వచ్చినవాళ్ళని అడిగితే తెలుస్తుంది. టికెట్ బుక్ చేసిన రోజు నుంచి నిద్ర పట్టదు. శంషాబాద్‌లోనో విశాఖలోనో దిగి, ఉట్నూరుకో భద్రాచలానికో పాడేరుకో బస్సెక్కేసరికి గుండె దడ మొదలవుతుంది. ఊళ్ళో అడిగే ప్రశ్నలు ముందే చెవుల్లో వినిపిస్తుంటాయి. ఎంత సంపాదించావు, ఉద్యోగం వచ్చిందా, అప్పు ఎప్పటికి తీరుస్తావు? అవ్వతో మాట్లాడబోతే గోండిలోనో, కోయలోనో, సవరలోనో మాట వెతుక్కోవాల్సి వస్తుంది. మనం లేనప్పుడు పోయిన తాత దినాలకి రాలేకపోయిన సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడమే ఇంకా బరువుగా ఉంటుంది.

ఇదంతా తమ ఒక్కరి బలహీనత అనుకుని లోపల దాచుకునేవాళ్ళే ఎక్కువ. అది ఒకరి బలహీనత కాదని చెప్పడానికే ఈ రాత. దీనికి నూరేళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. అందులో మనకి బాగా తెలిసిన పెద్దలున్నారు, మనం అసలు వినని పిల్లలూ ఉన్నారు.

1917, బరోడా

ముందు బాబాసాహెబ్ అంబేడ్కర్ సంగతి. ఆయన ఆదివాసీ కాదు. అయినా చదువుకుని తిరిగొచ్చిన మనిషికి సొంత దేశం ఎలా స్వాగతం పలికిందో చెప్పాలంటే ఆయన దగ్గరే మొదలుపెట్టాలి.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడి నుంచి 1916లో లండన్ వెళ్ళారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో తిరిగొచ్చారు. చదువు పూర్తయ్యాక బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలనేది ఒప్పందం. అవి మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. వేరే ఓడలో వేసిన ఆయన సామాను, పుస్తకాలతో సహా, జర్మన్ జలాంతర్గామి దెబ్బకి సముద్రం పాలైంది.

అసలు కష్టం ఒడ్డు మీద మొదలైంది. బరోడా స్టేషన్‌లో దిగాక ఎక్కడ ఉండాలి? హిందూ హోటళ్ళలో కులం అడుగుతారు. చివరికి ఒక పార్శీ సత్రంలో, పార్శీ పేరు రాయించుకుని, రోజుకి రూపాయిన్నర ఇచ్చి పై అంతస్తులో ఉన్నారు. పగలంతా ఆఫీసు, రాత్రయితే పాత సామాను మధ్య లాంతరు వెలుగులో ఒంటరితనం. పదకొండో రోజు పొద్దున పది పన్నెండు మంది పార్శీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ స్నేహితుడినీ ఒక క్రైస్తవ స్నేహితుడినీ చోటు అడిగితే ఇద్దరూ ఏదో ఒక కారణం చెప్పారు. రైలు టైమయ్యేదాకా పార్కులో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయారు.

ఈ సంగతులన్నీ ఆయనే తర్వాత 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. అందులో ఒక మాట మనం పట్టించుకోవాలి. విదేశాల్లో గడిపిన ఆ ఏళ్ళలో తాను అంటరానివాడిననే స్పృహే మనసులో నుంచి పోయిందట. స్టేషన్‌లో దిగాకే అది మళ్ళీ గుర్తొచ్చిందట. తిరుగు ప్రయాణంలో మన గుండె దడకి మూలం చాలాసార్లు ఇదే. అక్కడ మర్చిపోగలిగిన దాన్ని ఇక్కడ ఎవరో ఒకరు గుర్తు చేస్తారని మనకి లోపల తెలుసు.

కార్లైల్ పిల్లలు

ఇప్పుడు అమెరికా మూలవాసుల దగ్గరికి వెళ్దాం. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఒక బోర్డింగ్ స్కూలు పెట్టాడు. 1918 దాకా నడిచింది. ఎక్కడో పడమటి మైదానాల్లోని లకోటా వంటి తెగల పిల్లల్ని రైళ్ళలో అక్కడికి తీసుకొచ్చారు. రాగానే జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచితేనే వాళ్ళలోని 'ఇండియన్' చస్తాడనేది ప్రాట్ నమ్మకం. దేశం దాటకపోయినా ఆ పిల్లలకి అది పరాయి దేశమే.

చదువు అయిపోయాక వాళ్ళు ఇళ్ళకి వెళ్ళారు. అప్పుడు అమెరికా అధికారులకి, పత్రికలకి కొత్త తలనొప్పి మొదలైంది. దానికి 'తిరిగొచ్చిన విద్యార్థి' సమస్య అని పేరు పెట్టారు. ఇంటికి వెళ్ళి మళ్ళీ తమవాళ్ళలా బతకడం మొదలుపెడితే, వీడు మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడని ఎగతాళి చేసేవాళ్ళు. సూటు బూటుతో తిరిగితే ఊళ్ళో వాళ్ళే వింతగా చూసేవాళ్ళు. నేర్చుకున్న కుట్టుపనికీ, తగరపు పనికీ రిజర్వేషన్‌లో గిరాకీ లేదు.

ప్లెంటీ హార్సెస్ అనే లకోటా యువకుడు 1883లో కార్లైల్ వెళ్ళి అయిదేళ్ళు చదివాడు. తిరిగొస్తే పని లేదు, తనవాళ్ళలో చోటూ లేదు. 1890 డిసెంబర్ 29న ఊండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా ప్రజల్ని ఊచకోత కోసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, 1891 జనవరిలో, అతను కేసీ అనే లెఫ్టినెంట్‌ని కాల్చి చంపాడు. ఎందుకు చంపావంటే, చదువు తనని ఒంటరిని చేసిందనీ, తనవాళ్ళ మధ్య తనకో చోటు కోసమే ఈ పని చేశాననీ చెప్పాడు. ఆ సమయంలో అక్కడ యుద్ధ పరిస్థితి ఉందని కోర్టు అతన్ని విడుదల చేసింది. అతను చేసింది మంచి అని మనం అనడం లేదు. ఒక చదువుకున్న కుర్రాడు సొంత ఊళ్ళో చోటు కోసం ఎంత దూరం పోయాడో చూడమంటున్నాం.

అదే ఊండెడ్ నీలో గాయపడిన వాళ్ళకి వైద్యం చేసింది చార్లెస్ ఈస్ట్‌మన్. ఆయన డకోటా మనిషి, సొంత పేరు ఒహియేసా. డార్ట్‌మత్ కాలేజీలోనూ బోస్టన్‌లోనూ చదివి డాక్టరయ్యాడు. 1890 నవంబర్‌లో పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌కి ఉద్యోగానికి వచ్చాడు. వచ్చిన రెండు నెలలకే చర్చిలో నేల మీద పరిచిన గడ్డిపై పడుకోబెట్టిన తనవాళ్ళ ఒళ్ళలోని తూటా గాయాలకి కట్లు కట్టాల్సి వచ్చింది. ఇద్దరూ తిరిగొచ్చిన విద్యార్థులే. ఒకరికి చేతిలో పని ఉంది, ఒకరికి లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

జైపాల్ సింగ్ ముండా: ఇల్లు చేరడానికి పదేళ్ళు

ఇక మన దేశానికి వద్దాం. బిర్సా ముండా రాంచీ జైల్లో చనిపోయింది 1900 జూన్ 9న. మూడేళ్ళు కూడా తిరక్కముందే, 1903 జనవరి 3న, అదే ఖూంటీ ప్రాంతంలో టక్రా అనే ముండా ఊళ్ళో ఒక పిల్లాడు పుట్టాడు. చిన్నప్పటి పేరు ప్రమోద్ పాహన్. లోకానికి తెలిసిన పేరు జైపాల్ సింగ్.

రాంచీలో సెయింట్ పాల్స్ మిషన్ స్కూల్లో చదువుతుంటే ప్రిన్సిపాల్ కాస్‌గ్రేవ్ దొరకి ఈ పిల్లాడు నచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో తనతో ఇంగ్లండ్ తీసుకెళ్ళాడు. మొదట పాదిరీని చేద్దామనుకున్నారు. చివరికి ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి, డిగ్రీ తీసుకుని, హాకీలో యూనివర్సిటీ బ్లూ సంపాదించి, ఐసీఎస్‌కి కూడా ఎంపికయ్యాడు. పదిహేనేళ్ళ వయసులో ఊరు వదిలిన ముండా కుర్రాడు, పాతికేళ్ళు వచ్చేసరికి పూర్తిగా ఇంగ్లీషు దొరలా తయారయ్యాడు.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి భారత హాకీ జట్టు కెప్టెన్‌గా అతన్నే ఎంపిక చేశారు. ఐసీఎస్ వాళ్ళు సెలవు ఇవ్వలేదు. అయినా వెళ్ళాడు. ఫైనల్లో అతను ఆడలేదు గానీ మన జట్టు హాలండ్‌ని 3-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది, ఆ టోర్నీ మొత్తంలో మన మీద ఒక్క గోల్ కూడా పడలేదు. తిరిగి వెళ్ళాక ఐసీఎస్ శిక్షణ ఇంకో ఏడాది పొడిగిస్తామన్నారు. అక్కర్లేదని వదిలేశాడు.

ఇక్కడిదాకా కథ మనలో చాలామందికి తెలుసు. జనవరి 3న ఫొటో పెట్టి రాసుకునేది ఇంతవరకే. తర్వాతి పదేళ్ళ గురించి ఎవరం రాయం. మన సంగతికి కావలసింది ఆ పదేళ్ళే.

ఐసీఎస్ వదిలి ఇండియా వచ్చినవాడు నేరుగా ఊరికి వెళ్ళి ఉండొచ్చు కదా? వెళ్ళలేదు. కలకత్తాలో ఆయిల్ కంపెనీ ఉద్యోగంలో చేరాడు, మోహన్ బగాన్ క్లబ్‌లో హాకీ జట్టు కట్టాడు. కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడు డబ్ల్యూ.సి. బెనర్జీ మనవరాలు తారని పెళ్ళి చేసుకున్నాడు. కలకత్తా నుంచి రాంచీ ఒక్క రాత్రి ప్రయాణం. 1930ల నడుమ ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్‌కి, అంటే ఇప్పటి ఘనాకి, అచిమోటా కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. అక్కడి నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో రాకుమారుల కాలేజీలో చేరాడు. తర్వాత బికానేర్ సంస్థానంలో కొలువు. మ్యాపు తీసి చూడండి. కలకత్తా, అక్రా, రాయ్‌పూర్, బికానేర్. ఖూంటీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు గానీ ఖూంటీలో దిగలేదు.

ఎందుకని? దీన్ని మనం అర్థం చేసుకోగలం. చదివిన చదువుకి ఊళ్ళో పని లేదు. ఆక్స్‌ఫర్డ్ మనిషికి ముండా పల్లెలో ఏ స్థానం ఉంటుంది? తెల్లవాళ్ళ లోకంలో ఎంత ఎదిగినా ఒక మెట్టు దగ్గర ఆపేస్తారు. ఊరికి పోతే ఎక్కడ కూర్చోవాలో తెలియదు. హైదరాబాద్ దాకా వచ్చి, అక్కడే రూమ్ తీసుకుని, పండక్కి కూడా ఊరెళ్ళడం వాయిదా వేస్తున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇవాళ చేస్తున్నది కూడా ఇదే.

మరి 1938–39లో ఏం మారింది? అతను మారడం కంటే ముందు ఊళ్ళో ఒకటి సిద్ధమైంది. ఛోటానాగ్‌పూర్‌లో చదువుకున్న ఆదివాసీలు 1910ల నుంచే ఉన్నతి సమాజ్ పేరుతో పోగవుతున్నారు. 1938కి అది ఆదివాసీ సభగా మారింది. వాళ్ళకి సభ ఉంది, జనం ఉన్నారు, ఢిల్లీ దాకా వినిపించే గొంతు లేదు. జైపాల్ రాంచీ వచ్చినప్పుడు ఆ చోటు అతని కోసం ఖాళీగా ఉంది. 1939 జనవరిలో రాంచీలో జరిగిన మహాసభకి అధ్యక్షత వహించాడు. వేలాది మంది నడిచి వచ్చారు. వాళ్ళే తర్వాత 'మరంగ్ గోమ్కే' అని పిలుచుకున్నారు, అంటే ముండారీలో పెద్ద నాయకుడు అని. ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన మనిషి నిజంగా ఇల్లు చేరింది ఆ రోజు.

తర్వాత చేసిన పనులు చూస్తే ఆ ఆక్స్‌ఫర్డ్ చదువు వృథా పోలేదని తెలుస్తుంది. 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో లేచి, తాను జంగ్లీనని, ఆ మాటకి గర్వపడుతున్నానని చెప్పాడు. ఆదివాసీలకి ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్నాడు. 1949 సెప్టెంబర్‌లో భాషల చర్చ వచ్చినప్పుడు ముండారీ, ఒరావ్ భాషలతో పాటు గోండిని కూడా షెడ్యూల్‌లో చేర్చమని అడిగాడు. ఆదిలాబాద్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది గమనించండి. మన భాష కోసం ఆ సభలో అడిగింది ఎక్కడో ఖూంటీ మనిషి. సంతాలీ 2003 నాటి 92వ సవరణతో ఎనిమిదో షెడ్యూల్‌లోకి వచ్చింది. గోండి ఇంకా బయటే ఉంది.

ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. 1952లో బీహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షంగా నిలిచిన జార్ఖండ్ పార్టీని 1963లో కాంగ్రెస్‌లో కలిపేశాడు. ఆ కోపం చాలామందికి పోలేదు. 1970లో చనిపోయాడు. రాష్ట్రం వచ్చింది 2000 నవంబర్ 15న, బిర్సా పుట్టినరోజున. ఇదంతా నిజమే. కానీ తిరిగి రావడం ఒక్క రోజు పని కాదని మనకి చూపించింది ఆయన బతుకే.

రామ్ దయాళ్ ముండా తెచ్చిన సామాను

అదే రాంచీ ప్రాంతం నుంచి ఇంకో తరం. రామ్ దయాళ్ ముండా 1939లో తమాడ్ దగ్గర దివ్‌డీ అనే ఊళ్ళో పుట్టాడు. రాంచీలో ఆంత్రోపాలజీ చదివి, అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చేసి, మిన్నెసోటాలో పాఠాలు చెప్పాడు. 1980ల మొదట్లో ఆ ఉద్యోగం వదిలి రాంచీ విశ్వవిద్యాలయంలో గిరిజన, ప్రాంతీయ భాషల విభాగం నిలబెట్టడానికి వచ్చాడు. ముండారీ, సంతాలీ, హో, కుడుఖ్, ఖడియాలతో పాటు నాలుగు ప్రాంతీయ భాషలు కలిపి మొత్తం తొమ్మిది భాషలు అక్కడ పాఠంగా మారాయి. తర్వాత అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యాడు.

ఆయన వేణువు ఊదేవాడు, నగారా కొట్టేవాడు, వీసీ అయ్యాక కూడా జనంతో కలిసి ఆడేవాడు. ఆడేవాడే నిలుస్తాడు అనేది ఆయన నినాదం. జైపాల్ తిరిగి రావడానికి పదేళ్ళు పడితే ఈయనకి అంత పట్టలేదు. కారణం ఏమై ఉంటుంది? ఈయన అమెరికాలో చదివిందే తన భాష గురించి. అక్కడున్నన్నాళ్ళూ ముండారీని వదల్లేదు. తిరిగొచ్చేసరికి చేయాల్సిన పని ఎదురుచూస్తోంది.

మన దగ్గర

మన వైపు చూస్తే, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్‌ని గోండుల పరిస్థితి చూడమని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకి టీచర్ ట్రైనింగ్ మొదలైంది. పుస్తకాలు గోండిలో తయారు చేశారు. అక్కడ చదివినవాళ్ళు 'తిరిగి రావాల్సిన' అవసరమే రాలేదు. ఎందుకంటే చదువే ఊళ్ళోకి వచ్చింది. ఆ పద్ధతి పెద్దగా నిలవలేదు. తర్వాత మనకి దొరికింది హాస్టల్, ఆశ్రమ పాఠశాల. అయిదో ఏటనో ఆరో ఏటనో పెట్టె పట్టుకుని బయల్దేరిన మనకి, మెల్‌బోర్న్ నుంచి రావడం మొదటి తిరుగు ప్రయాణం కాదు. దసరా సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికొచ్చి, రెండు రోజులు ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక గుంజకి ఆనుకుని కూర్చున్న రోజులు మనందరికీ ఉన్నాయి. విమానం ఆ దూరాన్ని పెంచిందంతే.

ఇప్పుడు మనమేం చేద్దాం

ఈ చరిత్ర నుంచి మనకి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, వచ్చిన మొదటి నెలలోనే కుదురుకోవాలని ఎవరూ ఎవర్నీ తొందరపెట్టకండి. ఒలింపిక్ కెప్టెన్‌కే పదేళ్ళు పట్టింది.

రెండోది, భాష. అక్కడున్నప్పుడు వారానికి ఒక్క ఫోనైనా పూర్తిగా ఇంటి భాషలో మాట్లాడండి. తెలుగులోకి, ఇంగ్లీషులోకి జారకుండా. ముందు అవ్వతో మాట కుదిరితే మిగతావాళ్ళతో అదే కుదురుతుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇక్కడున్న మన బాధ్యత. బరోడాలో అంబేడ్కర్‌కి లేనిది ఒక గది, నాది అని చెప్పుకోగల మనిషి. ప్లెంటీ హార్సెస్‌కి లేనిది ఒక పని. జైపాల్‌కి రాంచీలో దొరికింది ముందే సిద్ధంగా ఉన్న ఒక సభ. కాబట్టి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే ఇద్దరు ఎదురెళ్ళండి. జీతం, అప్పు, పెళ్ళి ప్రశ్నలు మూడు నెలలు పక్కన పెట్టండి. ఉద్యోగం రాకుండా వచ్చినా మొహం చాటేయకండి. దానికి బదులు ఒక పని అప్పజెప్పండి. ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పడమో, స్కాలర్‌షిప్ దరఖాస్తులు దిద్దడమో, అటవీ హక్కుల కాగితాలు చదివి ఊరికి అర్థమయ్యేలా చెప్పడమో. కేస్లాపూర్ నాగోబా జాతరకో మేడారానికో వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి. అక్కడ ఎవరూ సీవీ అడగరు.

దిగులు మరీ ఎక్కువై, నిద్ర, తిండి లేకుండా పోతుంటే 14416కి ఫోన్ చేయొచ్చు. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత నంబర్, తెలుగులో మాట్లాడతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వచ్చే నెలల్లో మన మండలాలకి ఎవరెవరు తిరిగొస్తున్నారో ఒక చిన్న లిస్టు రాసుకుందాం. ఎవరు ఏ ఊరు, ఏ రోజు దిగుతారు, బస్టాండ్‌కి ఎవరు వెళ్తారు. ఇంతే. ఇది పెద్ద ఉద్యమం కాదు గానీ మన ముందు తరాల్లో చాలామందికి ఇది కూడా దొరకలేదు.

జై ఆదివాసీ. జోహార్.